ట్రెయిలర్ తగిలిస్తే మైలేజ్ ఎంతో స్టిక్కర్ మీదే రాయండి: ఈపీఏ, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అధికారులకు బహిరంగ లేఖ

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏలో ఇంధన లేబుళ్లు చూసే అధికారులకు, రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏలో కంపెనీల వారంటీ వివరాలు అందుకునే అధికారులకు,

నమస్కారం.

కొత్త పికప్ ట్రక్కు అద్దానికి మీరు అంటించమన్న స్టిక్కర్ ఖాళీ ట్రక్కు సంగతే చెబుతుంది. మేం ట్రక్కు కొనేది బరువు లాగడానికి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా నాలాంటి చిన్న వ్యాపారుల జేబుకు నెల నెలా చిల్లు పెడుతోంది. ఆ తేడా ఎంతో కొలిచే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి. దాన్ని కాగితం మీద పెట్టించే అధికారం మీకుంది. అందుకే ఈ లేఖ. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఫుడ్ ట్రెయిలర్లు పెట్టుకున్నవాళ్లు, ఊరి బయట నాలుగెకరాలు కొనుక్కున్నవాళ్లు, పిల్లలతో క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. ట్రక్కు కొనేముందు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మైలేజ్ ఎంత ఇస్తుంది?" అనే. ఆ ప్రశ్నకు వాళ్లకు దొరుకుతున్న జవాబు సగమే.

నేను డాలస్ దగ్గర ఉంటాను. క్యాటరింగ్ నా పని. మా ట్రెయిలర్ ముందు భాగం గోడలా నిటారుగా ఉంటుంది. లోపల బర్నర్లు, ఫ్రీజర్, నీళ్ల ట్యాంకు, ప్రొపేన్ సిలిండర్లు, బిర్యానీ డేక్షాలు. అన్నీ సర్దాక ట్రక్ స్టాప్‌లో తూకం వేయించి, చీటీ తీసుకున్నాకే హైవే ఎక్కుతాం. ఖాళీ ట్రక్కుతో ఊళ్లో తిరిగితే స్టిక్కర్ మీది అంకెకు దగ్గరగానే మైలేజ్ వస్తుంది. నెమ్మదిగా నడిపిన రోజు దాన్ని దాటుతుంది కూడా. అంచేత మీ అంకె అబద్ధమని నేననను. కానీ ట్రెయిలర్ తగిలించి హ్యూస్టన్ వెళ్లే ఐ-45 హైవే ఎక్కితే అది సగానికి పడిపోతుంది. ఎదురుగాలి ఉంటే సగం కూడా రాదు. డాష్‌బోర్డు చూపించే లెక్క కాదు ఇది. ట్యాంకు ఫుల్ చేయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు పట్టిన గ్యాలన్లతో మైళ్లను భాగిస్తే తేలిన లెక్క. మన ఊళ్లలో మోపెడ్‌కైనా ట్రాక్టర్‌కైనా చూసుకునే లెక్క ఇదే.

దీనివల్ల పని మీద పడే దెబ్బ డబ్బు ఒక్కటే కాదు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాదాపు 240 మైళ్లు. 26 గ్యాలన్ల ట్యాంకుతో గ్యాలన్‌కు 9 మైళ్లు వస్తే చివరి చుక్కదాకా కాల్చినా 234 మైళ్లే. దారిలో ఎన్నిస్‌లోనో మాడిసన్‌విల్‌లోనో బకీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) దగ్గర ఆగక తప్పదు, ఎందుకంటే మామూలు గ్యాస్ స్టేషన్‌లో ఇంత పొడుగు బండి పంపు దగ్గర మలుపు తిరగదు. సాయంత్రం ఆరింటికి వడ్డన మొదలవ్వాలంటే ఈ ఆగడాలన్నీ ముందే లెక్కలో ఉండాలి. ఇంత పెద్ద ఖర్చు, ఇంత సమయం ఎక్కడా రాయని అంకె మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ అంకె ఎందుకు లేదో మీ పరీక్ష చూస్తే తెలుస్తుంది. పరీక్ష రోడ్డు మీద కాదు, ల్యాబ్‌లో రోలర్ల మీద జరుగుతుంది. లైట్ డ్యూటీ ట్రక్కుకు దాని ఖాళీ బరువు మీద 300 పౌండ్లు మాత్రమే కలుపుతారు. అంటే డ్రైవరు, పక్కన ఇంకో మనిషి. మొదట సిటీ, హైవే అని రెండే పరీక్షలు. హైవే పరీక్షలో సగటు వేగం గంటకు 48 మైళ్లు, గరిష్ఠం 60. 2008 మోడళ్ల నుంచి ఇంకో మూడు పరీక్షలు చేర్చారు: 80 మైళ్ల దాకా వేగంగా నడిపేది ఒకటి, ఎండలో ఏసీ వేసి నడిపేది ఒకటి, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో చేసేది ఒకటి. మంచి మార్పే. పరీక్షలు చాలావరకు కంపెనీలే చేసుకుంటాయి. మిషిగన్‌లో ఆన్ ఆర్బర్‌లోని మీ ల్యాబ్ వాటిలో 15 నుంచి 20 శాతం మళ్లీ పరీక్షించి సరిచూస్తుంది. ఈ ఐదు పరీక్షల్లో ఏ ఒక్కదాంట్లోనూ ట్రెయిలర్ లేదు. వెయ్యిన్నర పౌండ్లు మోయగలదని ప్రకటనల్లో చెప్పుకునే బండి వెనక బెడ్‌లో ఒక్క సిమెంటు బస్తా కూడా లేదు.

టెక్సస్‌లో ఊళ్ల మధ్య ఇంటర్‌స్టేట్ హైవేల మీద చాలాచోట్ల వేగ పరిమితి 75 మైళ్లు. ఆస్టిన్ పక్కన ఎస్‌హెచ్-130 మీద ఒకచోట 85 దాకా ఉంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నుంచి 75కి వెళ్తే వేగం పెరిగేది పావు వంతే, గాలి నిరోధం పెరిగేది సగానికి పైనే. దానికి వెనక నిటారు గోడలాంటి ట్రెయిలర్ తోడైతే ఇంజిన్ పడే కష్టం ఎంతో వేరే చెప్పక్కర్లేదు. ట్రెయిలర్ బరువు కన్నా దాని ముఖం వెడల్పు, ఎత్తే మైలేజ్‌ను ఎక్కువగా తింటాయి. చదును రోడ్డు మీద పడవ ట్రెయిలర్ లాగేవాళ్లకూ, అదే బరువున్న క్యాంపర్ లాగేవాళ్లకూ వచ్చే మైలేజ్ ఒకటి కాదని లాగినవాళ్లందరికీ తెలుసు. కొనబోయేవాళ్లకే తెలియదు.

స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే గ్యాలన్‌కు ఇన్ని మైళ్లన్న లెక్క కూడా బరువు బండి విషయంలో కళ్లు కప్పుతుంది. 24 నుంచి 20కి పడితే 100 మైళ్లకు అదనంగా కాలేది 0.8 గ్యాలన్. 12 నుంచి 8కి పడితే అదనంగా కాలేది 4 గ్యాలన్ల పైమాటే. రెండుచోట్లా పడింది నాలుగే, జేబుకు తగిలే దెబ్బ మాత్రం ఐదు రెట్లు. 100 మైళ్లకు ఎన్ని గ్యాలన్లో 2013 మోడళ్ల నుంచి స్టిక్కర్ మీద వేయిస్తున్నారు, కానీ చిన్న అక్షరాల్లో. ట్రక్కుల వరకైనా దాన్ని పెద్దగా వేయించండి.

ఖాళీ బండి అంకెతో కొనేవాళ్లు తప్పు ఇంజిన్ ఎంచుకునే ప్రమాదం కూడా ఉంది. ఫోర్డ్ 2021 ఎఫ్-150 ట్రక్కులో నాలుగు చక్రాల డ్రైవ్‌తో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో ఇంజిన్‌కు మీ అంకె 20. అదే ఇంజిన్‌కు హైబ్రిడ్ జోడించిన పవర్‌బూస్ట్‌కు 24. సిగ్నళ్ల దగ్గర ఆగి కదిలే ఊరి ప్రయాణంలో ఆ నాలుగు మైళ్లు నిజంగానే వస్తాయి. కానీ హైబ్రిడ్ బ్యాటరీ 1.5 కిలోవాట్ అవర్లది. ట్రెయిలర్‌తో గంటల తరబడి ఒకే వేగంతో వెళ్తుంటే బ్రేకు వేసేదీ తక్కువ, దాంతో బ్యాటరీలోకి తిరిగి పట్టేదీ తక్కువ. పని మొత్తం పెట్రోల్ ఇంజినే చేస్తుంది. రెండూ ట్రెయిలర్ లాగుతున్నప్పుడు ఆ నాలుగు మైళ్ల తేడాలో ఎంత మిగులుతుంది? ఎక్కువ డబ్బు పెట్టి హైబ్రిడ్ తీసుకునేవాళ్లకు కావలసిన అంకె అదే. జీఎం (జనరల్ మోటార్స్) 3.0 లీటర్ల డ్యురామాక్స్ డీజిల్ సంగతి వేరు. హైవే మీద దాని మైలేజ్‌ను నేనూ మెచ్చుకుంటాను. అయితే అందులో మొదట వచ్చిన ఎల్ఎం2 ఇంజిన్‌కు ఆయిల్ పంపు బెల్టు వెనకవైపు ఉంది. 1,50,000 మైళ్లకు దాన్ని మార్చాలంటే ట్రాన్స్‌మిషన్ దించాలి. ఏడాదికి 15,000 మైళ్లు తిరుగుతారన్న లెక్కన మీ స్టిక్కర్ ఇంధన ఖర్చు చెబుతుంది. ఇలాంటి ఖర్చు ఏ కాగితం మీదా ఉండదు.

"ట్రెయిలర్లు రకరకాలు, ఒకే అంకె ఎలా ఇస్తాం?" అని కంపెనీలు అంటాయి. ఈ సాకు చెల్లదు. ట్రక్కు ఎంత బరువు లాగగలదో చెప్పడానికి ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. టయోటా 2011లోనే దాన్ని పాటించింది, 2015 నాటికి ఫోర్డ్, జీఎం, రామ్ లాంటి డెట్రాయిట్ కంపెనీలు కూడా దారికొచ్చాయి. దాని ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11 మైళ్ల పైచిలుకు ఎత్తు రోడ్డు మీద, 100 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, ట్రెయిలర్ లాగాలి. వేగం నిర్ణీత హద్దు కన్నా తగ్గకూడదు. పరీక్షించే ట్రెయిలర్ ముఖ వైశాల్యం ఎంతుండాలో కూడా అందులోనే ఉంది. 11,000 పౌండ్లు లాగుతుందని ప్రకటనలో గర్వంగా వేసుకోవడానికి ప్రామాణికమైన ట్రెయిలర్ దొరికినప్పుడు, అదే ట్రెయిలర్‌తో ఎంత గ్యాస్ తాగుతుందో చెప్పడానికి దొరకదా? పైగా ట్రక్కు తెర మీద మన ట్రెయిలర్ వివరాలతో ప్రొఫైల్ పెట్టుకుంటే దానితో ఎన్ని మైళ్లు తిరిగామో, మైలేజ్ ఎంత వచ్చిందో విడిగా చూపించే ట్రక్కులు ఇప్పటికే అమ్ముతున్నారు. కొన్నాక యజమానికి చూపించే అంకెను కొనకముందు చెప్పడానికి అడ్డేమిటి?

ఇక బండి, అది మోసేది కలిపి మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటిన ట్రక్కుల విషయం మరీ అన్యాయం. ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 హెచ్‌డీ కొనడానికి వెళ్లండి. అద్దం మీద మైలేజ్ అంకే ఉండదు. చట్టం వాటిని లేబుల్ నుంచి మినహాయించింది. అందరికన్నా ఎక్కువ గ్యాస్ కొట్టించేవాళ్లకు ఒక్క అంకె కూడా ఇవ్వకపోవడం ఏం పద్ధతి? పోనీ కొలవడం లేదా అంటే, 2014 మోడళ్లతో ఈ హెవీ డ్యూటీ పికప్‌లకూ ప్రమాణాలు తెచ్చారు. ఆ పరీక్షలో బండి మోయగల బరువులో సగం కలిపి రోలర్ల మీద నడుపుతారు. అంటే సగం బరువుతో కొలిచే పద్ధతి మీ దగ్గరే ఉంది. చిన్న ట్రక్కుకు ఆ పరీక్ష లేదు, పెద్ద ట్రక్కుకు ఆ ఫలితం స్టిక్కర్ ఎక్కదు.

లేబుల్ మార్చడం మీకు కొత్తేం కాదు. జనానికి వచ్చే మైలేజ్ తక్కువగా ఉందని 1985 మోడళ్ల నుంచి సిటీ అంకెను 10 శాతం, హైవే అంకెను 22 శాతం తగ్గించారు. 2008లో పరీక్షలే పెంచారు. 2012లో హ్యుందాయ్, కియా కంపెనీలు దాదాపు 9 లక్షల కార్లకు మైలేజ్ ఎక్కువ చేసి చెప్పాయని పట్టుకుంది కూడా మీ పరీక్షలే. ఆ రెండు కంపెనీలు యజమానులకు డబ్బు తిరిగి కట్టాయి, 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానాకూ ఒప్పుకున్నాయి. మీరు తలుచుకుంటే పని జరుగుతుందని చెప్పడానికే ఇవన్నీ గుర్తు చేస్తున్నాను. పైగా 2025 జులైలో వచ్చిన చట్టంతో సగటు మైలేజ్ ప్రమాణాలు తప్పిన కంపెనీలకు జరిమానా సున్నా అయింది. ఇక కొనేవాడి చేతిలో మిగిలింది ఆ స్టిక్కరే. అది నిజం చెప్పాల్సిన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అధికారులతో ఒక మాట. మైలేజ్, మన్నిక వేరువేరు విషయాలుగా చూస్తారు కానీ ట్రక్కు యజమానికి రెండూ ఒకటే లెక్క. పెద్ద వీ8 స్థానంలో టర్బోలున్న చిన్న ఇంజిన్, నాలుగు సిలిండర్లు ఆపేసే లిఫ్టర్లు, పది గేర్ల ట్రాన్స్‌మిషన్, నీళ్లలాంటి పలుచని ఆయిల్. ఇవన్నీ గ్యాలన్‌కు ఒకటీ అరా మైలు పెంచడానికి వచ్చినవే. ఖాళీ బండి పరీక్షలో వాటి లాభం కనిపిస్తుంది. బరువు లాగే బండిలో వాటి మన్నిక ఎంతో మాత్రం యజమానుల డబ్బుతోనే తేలుతోంది.

టయోటా టండ్రానే చూడండి. పాత 5.7 లీటర్ల వీ8 మొండి ఇంజిన్ అని పేరు. 2022లో దాని బదులు రెండు టర్బోల వీ6 పెట్టారు. 2024లో సుమారు 1,02,000 టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. తయారీలో మిగిలిపోయిన లోహపు రజను వల్ల మెయిన్ బేరింగులు దెబ్బతిని ఇంజిన్ ఆగిపోవచ్చని తేలింది. పరిష్కారం ఇంజిన్ మొత్తం మార్చడం. ఆ రీకాల్‌లో హైబ్రిడ్ టండ్రాలను చేర్చలేదు, ఇంజిన్ ఆగినా మోటారుతో కొంత దూరం కదులుతాయి కాబట్టి. భద్రత దృష్టితో అది సరే. ఆ యజమాని ఇంజిన్ మాటేమిటి?

2025 ఏప్రిల్‌లో జీఎం 6.2 లీటర్ల వీ8 వంతు వచ్చింది. 2021 నుంచి 2024 వరకు వచ్చిన సిల్వరాడో, సియెరా ట్రక్కులు, టాహో, యూకాన్, ఎస్కలేడ్ లాంటివి కలిపి అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. కనెక్టింగ్ రాడ్, క్రాంక్‌షాఫ్ట్ తయారీ లోపాలని కంపెనీ చెప్పింది. పరీక్షలో పాసైన ఇంజిన్లకు చేసిన పని ఏమిటంటే, 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసేసి దాని కన్నా చిక్కనైన 0డబ్ల్యూ-40 పోయడం, ఫిల్టర్, ఆయిల్ మూత మార్చడం, యజమాని పుస్తకంలో ఒక కాగితం చేర్చడం. చిక్కటి ఆయిల్‌తో ఇంజిన్ బతుకుతుందంటే సంతోషమే. మరి స్టిక్కర్ మీది మైలేజ్ పలుచని ఆయిల్‌తో కొలిచింది కదా. ఆయిల్ మారాక ఆ అంకె ఎంతయింది? ఎవరూ చెప్పలేదు. మీ రెండు సంస్థలూ ఒకే గదిలో కూర్చుని ఉంటే ఈ ప్రశ్న అక్కడే వచ్చేది.

రామ్ 2025 మోడల్‌లో 5.7 లీటర్ల హెమీ వీ8 తీసేసి, ఏడాది తిరక్కుండా 2026కు మళ్లీ తెచ్చింది. పవర్‌ట్రెయిన్‌కు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ కూడా ప్రకటించింది. స్టిక్కర్ మీద మైలేజ్ తక్కువున్నా ఆ ఇంజినే కావాలని జనం అడిగారంటే, వాళ్లకు మన్నిక మీద ఎంత బెంగ ఉందో మీకు అర్థం కావాలి.

మా ట్రక్కు కూడా షెడ్డుకు చేరింది. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను, ఇది ఒక కంపెనీ మీద ఫిర్యాదు కాదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని శబ్దం, కొన్నాళ్లకు ఒక సిలిండర్ తడబడడం మొదలైంది. వారంటీలోనే బాగు చేస్తామన్నారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. కానీ పార్టు రావడానికి వారాలు పట్టింది. ఈలోపు వాడుకోమని ఒక ఎస్‌యూవీ ఇచ్చారు. దానికి ట్రెయిలర్ తగిలించకూడదని అద్దె ఒప్పందంలోనే ఉంది. ఆస్టిన్‌లో ఒక పెళ్లికి ఆర్డర్ ఒప్పుకుని ఉన్నాం, అడ్వాన్సు కూడా తీసుకున్నాం. చివరికి తెలిసినవాళ్ల ట్రక్కు, డ్రైవరుతో సహా, అద్దెకు తీసుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో, మూడు వందల మందికి అన్నం పెడతానని మాటిచ్చినవాళ్లకే తెలుస్తుంది. వారంటీ ఇంజిన్‌కే కానీ ఆ రోజు పనికి కాదు. అదే ఇంజిన్‌కు ఎంతమంది క్లెయిమ్ చేశారో ముందే తెలిసి ఉంటే, నేనే కాదు, ఎవరైనా ఆలోచించి కొనేవాళ్లు.

ఆ లెక్క మీ దగ్గర ఉంది. 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం ప్రకారం కంపెనీలు ప్రతి మూడు నెలలకూ వారంటీ క్లెయిముల సంఖ్యలు మోడల్ వారీగా, ఇంజిన్, పవర్‌ట్రెయిన్ లాంటి భాగాల వారీగా మీకు పంపుతాయి. మరణాలు, గాయాల వివరాలు జనం చూడొచ్చు. వారంటీ క్లెయిములు మాత్రం వ్యాపార రహస్యం పేరుతో మూసి ఉంచుతున్నారు. అరవై, డెబ్బై వేల డాలర్లు పెట్టి, ఐదారేళ్లు వాయిదాలు కట్టే వస్తువు విషయంలో, ఏ ఇంజిన్ ఎన్ని వేల మైళ్లకు షెడ్డుకు వస్తోందో కొనేవాడికి తెలియకూడదా? కంపెనీకి తెలుసు, డీలర్‌కు తెలుసు, మీకు తెలుసు. నెల నెలా వాయిదా కట్టేవాడికే తెలియదు. కొత్తగా అమ్మబోయే మోడళ్ల సంగతి పక్కన పెట్టండి. మూడేళ్లు దాటిన మోడళ్ల లెక్కలైనా బయటపెట్టండి. పాత ట్రక్కు కొనే కుటుంబాలకు అంతకన్నా మేలు ఇంకొకటి లేదు.

ఇది సాధ్యం కాదనే వాళ్లు యూరప్ వైపు చూడాలి. అక్కడ 2021 నుంచి కొత్త కార్లలో నిజంగా కాలిన ఇంధనాన్ని బండే లెక్కపెట్టి దాచుకోవడం తప్పనిసరి. ఆ లెక్కలు పోగేసి 2024లో యూరోపియన్ కమిషన్ బయటపెట్టింది. ల్యాబ్ అంకె కన్నా పెట్రోల్ కార్లు సుమారు 24 శాతం, డీజిల్ కార్లు 18 శాతం ఎక్కువ తాగుతున్నాయని తేలింది. యజమానుల పేర్లు, వాళ్లు ఎక్కడెక్కడ తిరిగారో బయటపడకుండానే ఈ పని జరిగింది. ట్రెయిలర్ లాగేటప్పుడు పెట్టే టో మోడ్‌లో ఎన్ని మైళ్లు నడిచిందో ట్రక్కు కంప్యూటర్‌కు తెలుసు కాబట్టి, అమెరికాలో ఇంతకన్నా మెరుగైన లెక్క తీయొచ్చు.

ఈపీఏ నుంచి నేను అడుగుతున్నది ఏమిటంటే, జే2807 ట్రెయిలర్‌తో 65 మైళ్ల వేగం దగ్గర 100 మైళ్లకు ఎన్ని గ్యాలన్లు కాలుతాయో ప్రతి ఫుల్-సైజ్ ట్రక్కు స్టిక్కర్ మీదా ఉండాలి, 8,500 పౌండ్లు దాటినవాటి మీద కూడా. ఆ మినహాయింపు ఎత్తేయడానికి చట్టం మారాలంటే ఆ మాట కాంగ్రెస్‌కు మీరే రాయండి, ఈలోపు కొలిచిన అంకెల్ని మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. రీకాల్ వల్ల ఆయిల్, సాఫ్ట్‌వేర్ మారిన ఇంజిన్లకు మళ్లీ పరీక్ష చేయించండి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వారంటీ లెక్కల తలుపు తీయాలి. దీనికి కొంత సమయం పడుతుందని తెలుసు. ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా చెప్పండి.

మా ట్రెయిలర్ తూకం చీటీలు, గ్యాస్ రసీదులు, సర్వీసు బిల్లులు అన్నీ భద్రంగా ఉన్నాయి. మీ ల్యాబ్‌కు పనికొస్తాయంటే కాపీలు పంపుతాను. ట్రెయిలర్‌తో సహా బండిని ఆన్ ఆర్బర్‌కు తీసుకురమ్మన్నా తీసుకొస్తాను.

ఇట్లు,
టెక్సస్ నుంచి ఒక ట్రక్కు యజమాని